హవల్దార్ మేస్త్రి

ఒక కట్టడాన్ని చూపించి, దీన్ని ఎవరు కట్టారని అడిగితే మనకు సాధారణంగా దొరికే జవాబు కట్టించినవారి పేరు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని ఎవరు కట్టారంటే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అంటాం. మరికొంచెం తెలిసినవారైతే నమూనా గీసిన బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ పేరు చెబుతారు. దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని నిజాం ప్రభుత్వం పంపిన సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్‌ల పేర్లు చెబుతారు. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం అని తేదీలు కూడా చెబుతారు. ఆ రెండు తేదీల నడుమ గులాబి ఛాయ గ్రానైటు బండల ముందు ఉలి పట్టుకుని కూర్చున్నవాళ్ళ పేర్లు మాత్రం మనకెవరికీ తెలియవు.

అలా పేరు మిగలని ఒక రాతిపనివాడి కొడుకు గురించి ఈ నాలుగు మాటలు రాసుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆయన పేరు నేనూ రాయబోవడం లేదు. ఆయనకి ఇంటివాళ్ళున్నారు, తన గురించి నలుగురూ మాట్లాడుకోవడం ఆయనకి నచ్చేది కాదు కూడా. తార్నాకలో మా వీధివాళ్ళందరికీ ఆయన హవల్దార్ మేస్త్రి. మా నాన్నగారు "హవల్దార్ సాబ్" అని పిలిచేవారు. ఆయన నాన్నగారిని "సారూ" అనేవాడు. మా పిల్లలకి మాత్రం ఆయన "కాకా".

కాకాది పాలమూరు జిల్లాలోని ఒక వడ్డెర కుటుంబం. ఆర్ట్స్ కాలేజీ పని జరుగుతున్న రోజుల్లో వాళ్ళ నాయిన అడిక్‌మెట్ గుట్టల దగ్గర గుడిసె వేసుకుని రాళ్ళు కొట్టాడు. పని ముగిశాక ఊరికి తిరిగి వెళ్ళాడు. ఆ తర్వాత మూడేళ్ళకు కాకా పుట్టాడు. పదేళ్ళ వయసులో నాయిన వెంట నగరానికి వచ్చి మొదటిసారి ఆ భవనాన్ని చూశాడట. "గీ రాయి నేనే కొట్టిన" అని నాయిన ఏదో ఒక రాయి చూపిస్తాడేమో అని ఎదురుచూశాడట. నాయిన ఏ రాయినీ చూపించలేదు. "యాది లేదు బిడ్డా, అన్ని ఒక్క తీరుగనే కొట్టినం" అన్నాడట. ఈ మాట చెప్పినప్పుడల్లా కాకా నవ్వేవాడు. అన్నీ ఒక్క తీరుగా కొట్టడం కంటే గొప్ప పనితనం ఏముంటుందని ఆయన ఉద్దేశం.

1962లో చైనాతో యుద్ధం అయిన తర్వాత సైన్యాన్ని పెద్ద ఎత్తున పెంచారు. కాకాకి అప్పుడు ఇరవై ఏళ్ళు. రాతిపని, తాపీపని తెలుసునని చెప్పాడు. కాచిగూడ స్టేషన్లో బెంగుళూరు వెళ్ళే మీటర్ గేజి రైలు ఎక్కించారు. ఆ స్టేషన్ భవనం 1916 నాటిది. గుమ్మటాలతో రాజప్రాసాదంలా ఉంటుంది. పాలమూరు కూలీలకి మాత్రం అది పని దొరికే ఊరికి గుమ్మం. నెత్తిన మూటలతో దిగేవాళ్ళు, నెలల తర్వాత అవే మూటలతో ఎక్కేవాళ్ళు. వాళ్ళందరూ వచ్చిన దారిలో తను వెళ్ళిపోతున్నానని ఆ రోజు అనిపించిందని కాకా అనేవాడు.

బెంగుళూరు అల్సూరు చెరువు దగ్గర మద్రాసు సాపర్ల కేంద్రం ఉంది. 1780లో మొదలైన దళం అది. సాపర్లంటే సైన్యంలోని నిర్మాణ భటులు. దారులు వెయ్యడం, వంతెనలు కట్టడం, అవసరమైతే కూల్చడం, మందుపాతరలు పెట్టడం, తియ్యడం వాళ్ళ పనులు. దక్షిణాది కుర్రాళ్ళతో నిండిన ఆ దళంలో సిపాయిలను ముద్దుగా "తంబి" అంటారు. ఇంజనీర్ల దళం మొత్తానికీ ఆదర్శవాక్యం ఒకే ఒక్క మాట, "సర్వత్ర". అంతటా అని అర్థం. మొదటి నెలలో ఆ మాట అర్థం కాక పక్కవాణ్ణి అడిగితే, "ఎక్కడ పని ఉంటే అక్కడికి తోలుతారని అర్థం" అన్నాడట.

*

యుద్ధం గురించి కాకా నాతో ఒక్కసారే మాట్లాడాడు. నేను ఎం.ఏ. చదువుతున్న రోజులవి. సాయంత్రాలు ఆయన తార్నాక గేటులోంచి క్యాంపస్‌లోకి నడకకి వచ్చేవాడు. ఒకరోజు లైబ్రరీ నుంచి వస్తూ ఆయనతో కలిసి నడిచాను. ఏదో పరీక్షకి చదువుతున్న ఉత్సాహంలో, 1971లో మీరెక్కడున్నారు కాకా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "షకర్‌గఢ్ దిక్కు" అన్నాడు.

ఆ పోరాటం గురించి తర్వాత నేను చదువుకున్నాను. 1971 డిసెంబరు 15 రాత్రి బసంతర్ నది దగ్గర మన పదాతిదళం అవతలి ఒడ్డున కాలు మోపింది. టాంకులు దాటాలంటే శత్రువు నాటిన మందుపాతరల పొలంలోంచి దారి తెరవాలి. ఆ పని సాపర్లది. మద్రాసు సాపర్ల 9వ ఇంజనీర్ రెజిమెంటుకు చెందిన మేజర్ విజయ్ రతన్ చౌధరీ ఆ పని నడిపిస్తూ ప్రాణం విడిచారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర లభించింది. దారి పూర్తిగా తెరవకముందే 17 పూనా హార్స్ టాంకులు ముందుకి సాగాయి. మరునాడు ఆ రెజిమెంటు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ 21 ఏళ్ళ వయసులో టాంకులోనే మరణించి పరమవీర చక్ర పొందారు. అదే డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. పడమటి సరిహద్దులో కాల్పులు ఆగింది ఆ మరునాడు.

కాకా చెప్పిన దాంట్లో ఇవేవీ లేవు. ఆయన చేతుల గురించి మాత్రం చెప్పాడు. మందుపాతరని ఎలా వెతుకుతారో నడక ఆపి చూపించాడు. బోర్లా పడుకుని, బాయ్‌నెట్టును నిలువుగా కాక ఏటవాలుగా మట్టిలోకి దించాలి. నిలువుగా దించితే పైనుంచి ఒత్తిడి పడి పేలుతుంది. ఏటవాలుగా అయితే దాని పక్క తగులుతుంది. గట్టిగా తగిలినచోట ఆగి, వేళ్ళతో మట్టి తియ్యాలి. జానెడు నేల అయ్యాక మరో జానెడు. దారి తెరిచిన మేరకి రెండు వైపులా తెల్లటి నాడా పరుచుకుంటూ పోవాలి.

"పాతర అంటే మా ఊర్ల జొన్నలు పోసుకునేది బిడ్డా. ఆడ నేలల గుంత తవ్వి గింజలు దాస్తరు. ఈడ సావును దాస్తరు. పేరు మాత్రం ఒక్కటే."

భయం వెయ్యలేదా అని అడిగాను. ఆయన దానికి నేరుగా జవాబు చెప్పలేదు. "ముందుగాల పోయేటోడు తొవ్వ జేస్తడు. ఎనుక వచ్చేటోడు మన మొఖం సూడడు. నాడాను నమ్మి నడుస్తడు. గంతే" అన్నాడు.

యుద్ధం ముగిసినా సాపర్లకి పని ముగియలేదు. సరిహద్దు వెంబడి మనవాళ్ళు నాటిన పాతర్లని మళ్ళీ మనవాళ్ళే తియ్యాలి. అవి రైతుల పొలాలు. 1972లో నెలల తరబడి ఆ పని చేశాడు కాకా. మందుపాతరలు పెట్టేటప్పుడే లెక్క రాస్తారట. ఎన్ని వరుసలు, ఎన్ని పాతర్లు, కదలని ఏ గుర్తు నుంచి ఎన్ని అడుగులు, ఏ దిక్కుకి అన్నీ ఆ లెక్కలో ఉంటాయి. చెట్టును గుర్తుగా తీసుకోకూడదు, ఎవరైనా కొట్టెయ్యవచ్చు. బావి గట్టో, గుడి మూలో, మైలురాయో కావాలి. ఆ లెక్క సరిగా ఉన్న పొలంలో పని తొందరగా అయ్యేది. సరిగా లేనిచోట ఆయన స్నేహితుడొకడు కాలు పోగొట్టుకున్నాడు.

"పెట్టేటోడు తీసేటోని గురించి ఆలోచించాలె బిడ్డా. ఆడు ఎవడో మనకు ఎరుక లేదు. గని ఒకడైతే వస్తడు."

ఆ మాట తర్వాత మేము మాట్లాడకుండా గేటు దాకా నడిచాం.

*

1978లో కాకా హవల్దారుగా పింఛను తీసుకుని వచ్చేశాడు. ఊళ్ళో భూమి లేదు. కాచిగూడ స్టేషన్ వెనక ఒక గది అద్దెకి తీసుకున్నాడు. పొద్దున్నే సైకిలు మీద విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా క్యాంపస్ దాటి తార్నాక వచ్చేవాడు. రైలు దిగిన పాలమూరువాళ్ళలో తెలిసిన ముఖాలని స్టేషన్ దగ్గరే పనికి కుదుర్చుకునేవాడు. అడ్డా మీద నిలబడి బేరమాడించుకునే అవస్థ వాళ్ళకి తప్పేది. శనివారం సాయంత్రం కూలి చేతిలో పెట్టకుండా ఏనాడూ ఇంటికి వెళ్ళలేదని ఆయన దగ్గర పనిచేసిన ఒకామె నాతో చెప్పింది.

అప్పటి తార్నాక నగరంలో భాగమే అయినా చిన్న పట్టణంలా ఉండేది. విశ్వవిద్యాలయం, దాని చుట్టూ పోషకాహార సంస్థ, రసాయన ప్రయోగశాల, హబ్సిగూడ వైపు భూభౌతిక పరిశోధన సంస్థ. వాటిల్లో పనిచేసే గుమాస్తాలూ, అధ్యాపకులూ, శాస్త్రవేత్తలూ అప్పోసప్పో చేసి రెండు వందల గజాల స్థలాల్లో ఇళ్ళు కట్టుకుంటున్న కాలం. 1982 ఫిబ్రవరిలో ప్రభుత్వం సిమెంటు మీద నియంత్రణని కొంత సడలించేదాకా పర్మిట్ లేనిదే బస్తా దొరికేది కాదు. ఆ నియంత్రణ పూర్తిగా పోవడానికి 1989 దాకా పట్టింది. అలాంటి రోజుల్లో బస్తా సిమెంటును ఎంత ఇసుకతో కలుపుతున్నాడన్న దాన్నిబట్టే మేస్త్రి ఎలాంటివాడో తెలిసేది. గోడకి ఒకటికి ఆరు, పూతకి ఒకటికి నాలుగు. ఈ లెక్క కాకా ముందు ఎవరైనా తప్పితే, కలిపిన మాలు మొత్తం తిరగేయించేవాడు.

మా ఇల్లు 1983లో కట్టాడు. పునాదులు తవ్వుతుంటే మూడువైపులా నాలుగడుగులకే బండ తగిలింది. హైదరాబాదు నేల కింద ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలంటారు. దాని మీద ఇల్లు కడితే ఇక దిగులు లేదు. ఈశాన్యం మూల మాత్రం గడ్డపార సులువుగా దిగిపోయింది. ఆరడుగులు, ఎనిమిదడుగులు తవ్వినా మట్టీ, పెంకులూ, కాలిన కట్టెలూ తప్ప బండ లేదు. ఒకప్పటి తోటలోని బావిని ఎవరో పూడ్చేశారు.

నాన్నగారు ఆ మూలన వంటిల్లు అనుకున్నారు. బావిలో మొరం పోసి దిమ్మెస కొట్టి కట్టెయ్యమన్నారు. ఇంటిని జరిపితే ముందుగది నాలుగడుగులు తగ్గిపోతుంది. అప్పటికే అప్పు పెరిగిపోయి ఉంది, ఓపిక తగ్గిపోయి ఉంది. కాకా ఒప్పుకోలేదు.

"పూడ్చిన బాయి నిండినట్టు కనవడ్తది సారూ. నిండది. పదేండ్లకో ఇరవై ఏండ్లకో జారుతది. అప్పుడు నేనుండ, మీరు తిట్టినా ఇనవడదు."

ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు కాకా తాపీ, రసమట్టం సంచిలో వేసుకుని, "వేరే మేస్త్రిని పిలుచుకోండి సారూ, నేను చేసిన పనికి పైసలు ఇయ్యకున్నా సరే" అని వచ్చి నిలబడ్డాడు. నాన్నగారు అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించారు. చివరికి ఇల్లు జరిగింది, ముందుగది తగ్గింది. ఆ గదిలో మంచం వేస్తే మనిషి నడవడానికి చోటుండేది కాదు. చుట్టాలొచ్చినప్పుడల్లా అమ్మ హవల్దార్ మేస్త్రిని తలుచుకుని ఓ మాట అనేది. ఈశాన్యం మూలన జామచెట్టు వేశారు.

స్లాబు వేశాక దాని మీద మట్టితో చిన్న చిన్న మళ్ళు కట్టి పధ్నాలుగు రోజులు నీళ్ళు నిలబెట్టాడు కాకా. రాత్రిళ్ళు వచ్చి లాంతరుతో మళ్ళు ఎండాయేమో చూసుకునేవాడు. సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నీటితో కలిసి జరిగే రసాయనిక చర్య వల్లే అది గట్టిపడుతుంది. తడి పోతే ఆ చర్య ఆగిపోతుంది. కాకా ఈ శాస్త్రం చదువుకోలేదు. "సిమెంటుకు దూప ఎక్కువ" అనేవాడు.

గృహప్రవేశం రోజున నాన్నగారి చేతిలో ఒక కాగితం పెట్టాడు. గళ్ళకాగితం మీద పెన్సిలుతో గీసిన మా స్థలం పటం. పునాది ఎక్కడ ఎంత లోతు, నీళ్ళగొట్టం ఎటు తిరిగింది, సంపు ఎక్కడ, మురుగుతొట్టి ఎక్కడ అన్నీ అందులో ఉన్నాయి. ప్రతిదానికీ ప్రహరీ రెండు మూలల నుంచి అడుగులూ అంగుళాలూ వేసి ఉన్నాయి. ఈశాన్యాన ఒక గుండ్రని గీత, దానిలో అడ్డగీతలు, దాని పక్కన బావి వెడల్పు, తవ్వి చూసిన లోతు. తను కట్టిన ప్రతి ఇంటికీ ఇలాగే ఒక కాగితం ఇచ్చేవాడట. అందరూ నవ్వి తీసుకునేవారు, తర్వాత ఎక్కడో పారేసుకునేవారు. నాన్నగారు మాత్రం దాన్ని దస్తావేజులతో కలిపి పెట్టారు.

*

తొంభైల్లో తార్నాకలో అపార్ట్‌మెంట్లు లేవడం మొదలైంది. ఒక కాంట్రాక్టరు కాకాని తాపీపని మొత్తం చూసుకోమని పిలిచాడు. చేతినిండా డబ్బు. కొడుకు చదువుకి వచ్చిన కాలం. కింద పెద్ద హాలు, దాని మీద స్లాబు పడింది. ఎనిమిదో రోజున దన్నులు తీసెయ్యమన్నాడు కాంట్రాక్టరు, ఆ కర్రలు మరోచోట కావాలి. అంత వెడల్పు స్లాబుకి పధ్నాలుగు రోజులు ఉండాలని కాకా చెప్పాడు. మాటా మాటా పెరిగింది. కాకా తన కూలీలందరినీ కిందికి దించి, వాళ్ళ వారం కూలి తన జేబులోంచి ఇచ్చి, సైకిలెక్కాడు. దన్నులు ఎవరో వచ్చి తీశారు.

ఆ కట్టడం కూలలేదు. ఇప్పటికీ ఉంది, మనుషులున్నారు. ఈ సంగతి నేనే ఒకసారి కాకా దగ్గర ఎత్తాను. ఆ పని పోయాక ఆయనకి పెద్ద పనులు రాలేదు. కొడుకు ఇంటర్‌తో చదువు ఆపి ఆటో తోలుకున్నాడు. పింఛనూ చిన్న చిన్న మరమ్మతులూ మిగిలాయి. అంత నష్టపోయినందుకు ఆయన మనసులో ఏముందో తెలుసుకోవాలనిపించింది.

"కూలనందుకు సంతోషమే బిడ్డా" అన్నాడు. "దాని కింద పనిచేసినోళ్ళు మనోళ్ళే కద."

ఆ జవాబులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. తను సరైనవాడినని రుజువు కావడానికి ఒక స్లాబు కూలాలని ఆయన ఏనాడూ కోరుకోలేదు. ఇలాంటి మనుషుల జీవితాన్ని లాభనష్టాల పద్దులో ఎలా రాయాలో నాకు ఈనాటికీ తోచదు. కొడుకు మాత్రం చాలాకాలం తండ్రిని క్షమించలేదు. అది కూడా న్యాయమే అనిపిస్తుంది.

2011లో కాకా పోయాడు. ఆయన కట్టిన ఇళ్ళు నలభై మూడు. ఈ లెక్క కొడుకు దగ్గరున్న పొడుగాటి రిజిస్టరులో ఉంది. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు అందులో గీసుకున్నాడు. 2017లో మెట్రో వచ్చాక మా ప్రాంతంలో స్థలాల విలువ మరింత పెరిగింది. ఇళ్ళు ఒక్కొక్కటే ఐదంతస్తులవుతున్నాయి. ఈ మధ్య నేనూ ఆ కొడుకూ కూర్చుని రిజిస్టరు తిరగేస్తే, నిలిచి ఉన్నవి పదకొండు తేలాయి.

అందులో మా ఇల్లు ఇప్పుడు లేదు. నాన్నగారు, అమ్మ పోయాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలిసి స్థలాన్ని కట్టుబడికి ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. ఆ నిర్ణయంలో నా సంతకమూ ఉంది. నలుగురికీ అవసరాలున్నాయి, ఇల్లు ఒక్కటే. నలభై ఏళ్ళ గోడలు మూడు రోజుల్లో పోయాయి. పునాది రాళ్ళు తియ్యడానికే మరో మూడు రోజులు పట్టిందని, ఇంత గట్టి పునాది ఈ వీధిలో చూడలేదని అక్కడి సూపర్‌వైజరు విసుక్కున్నాడు.

తర్వాత కింది అంతస్తు కోసం లోతుగా తవ్వాలి. అప్పటికి జామచెట్టు కొట్టేశారు, ఈశాన్యం మూల మిగతా నేలలాగే చదునుగా ఉంది. నేను దస్తావేజుల సంచిలోంచి ఆ గళ్ళకాగితం తీసుకుని వెళ్ళాను. యంత్రం నడిపే కుర్రాడిది బీహారు. తెలుగు చదవలేడు. కానీ ఆ కాగితంలో చదవవలసినవి అంకెలే. ప్రహరీ రెండు మూలల రాళ్ళూ ఇంకా అక్కడే ఉన్నాయి. టేపు పట్టుకుని ఒక మూల నుంచి పద్నాలుగడుగులు, మరో మూల నుంచి తొమ్మిదడుగుల మూడంగుళాలు కొలిచాం. రెండు కొలతలూ కలిసినచోట నిలబడి కుర్రాడు మడమతో నేలని తన్ని చూశాడు. యంత్రాన్ని మొదట నిలబెట్టాలనుకున్నది సరిగ్గా అక్కడేనట.

కాగితాన్ని మరోసారి చూసి, దీన్ని గీసినాయన ఇంజనీరా అని హిందీలో అడిగాడు. సాపర్, ఫౌజీ అని చెప్పాను. తలూపాడు. తట్టలో సున్నం తెప్పించి బావి చుట్టూ తెల్లటి గీత పోసి, యంత్రాన్ని పడమటి వైపుకి తిప్పుకుని పని మొదలుపెట్టాడు.